సున్నాలు నిండే దాకా

నిండనీ, ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ, ఈ కుర్చీలోంచి మాత్రం లేవను అనుకుంది అబిగయీలు, మోకాళ్ళను బల్ల కిందికి ఇంకాస్త జరుపుకుంటూ. నల్లటి తెర మీద కర్సరు ఒక్కటే మిటుకుమిటుకుమంటోంది. దాని వెనక, ఇనప పెట్టెలో, పాత డిస్కు గరగరమంటూ సున్నాలు రాసుకుంటూ పోతోంది. సున్నా పక్కన సున్నా, దాని పక్కన ఇంకో సున్నా, ఖాళీని ఖాళీతోనే నింపే పని. ఆ పని పూర్తయితే గానీ స్వాప్, యంత్రానికి అదనపు చోటు, లేదు. స్వాప్ లేనిదే పడవల జాడ చెప్పే ప్రోగ్రాం నిలబడదు. అది నిలబడకపోతే గిరిబాబు పడవ సముద్రంలో ఏ మూల ఉందో చెప్పే దిక్కు లేదు. ఆ మూడు మాటలూ బుర్రలో తిరగలిలా తిరుగుతున్నాయి, తిరిగి తిరిగి మళ్ళీ సున్నాల దగ్గరికే వస్తున్నాయి. తుఫాను షెల్టరు మేడ మీది గది ఇది. మొగపాళెంలో ఎత్తయిన మేడ ఇదొక్కటే కాబట్టి యాంటెన్నా దీని నెత్తిన పెట్టారు, సర్వరును దీని కడుపులో దాచారు. కిటికీ రెక్కలను కట్టిన నైలాను తాడు గాలికి బిగుసుకుని మూలుగుతోంది. నడిమధ్యాహ్నం, బయట మాత్రం దీపాలు పెట్టే వేళలా మసక. కిటికీ దగ్గర వైర్‌లెస్ సెట్టును చెవికి ఆనించుకుని చిన్నపోలయ్య నిలబడి ఉన్నాడు. ఊరికి పెద్ద, గిరిబాబుకు తండ్రి. గుమ్మం పక్కన గోడకు చేరగిలబడి చెంచులక్ష్మి కూర్చుంది. గిరిబాబు పెళ్ళాం, చీర కొంగు చివర పళ్ళ మధ్య బిగబట్టుకుని.

"ఏందమ్మా, ఇంకా కాలా?" అన్నాడు చిన్నపోలయ్య, తల తిప్పకుండానే.

"అవతా ఉండాది పెద్దయ్యా."

అవుతూ ఉంది. తెల్లారుజామున పడవలు బయల్దేరేటప్పుడు సముద్రం చాప పరిచినట్టుంది. వాయుగుండం అనుకున్న దానికంటే ముందే తీరం వైపు మళ్ళిందన్న కబురు పొద్దు బాగా ఎక్కాక వచ్చింది. చిన్నపోలయ్య వైర్‌లెస్‌లో గొంతు చించుకుని పిలిస్తే ఒక్కో పడవే తల తిప్పింది. ఇద్దరు తోటివాళ్ళతో పోయిన గిరిబాబు గొంతు ఒక్కసారి వినబడింది. "నాయనా, ఇంజను ఆగిపోయినాది, నీళ్ళు లోపలికి..." ఆ తర్వాత బుస్సుమనే చప్పుడు. సెట్టు తడిసిపోయి ఉంటుంది. కానీ పడవ కొయ్యకు బిగించిన పరికరం, సబ్బుపెట్టెంత, దాని మీద అల విరిగి పడ్డా తానున్న చోటు పలుకుతూనే ఉంటుంది. దాన్ని అక్కడ బిగించింది తనే, మరలకు గ్రీసు పూసి, గిరిబాబు వెక్కిరిస్తుండగా. అది పిలుస్తూనే ఉంది ఇప్పుడు కూడా, ఆ నీళ్ళ మీంచి, ఈ మేడ మీదికి. వినాల్సిన ఈ పెట్టెకే ఊపిరాడటం లేదు. మామూలు రోజుల్లో ఒక్కో పరికరం ఒకసారి పలికి ఊరుకుంటుంది. ఇవాళ సగం పిలుపులు గాలికే పోతున్నాయి కాబట్టి అన్నీ పలికిందే పలుకుతున్నాయి, అందినట్టు జవాబు వచ్చేదాకా; వాటన్నిటినీ ప్రోగ్రాం తన మెమరీలో కుప్ప పోసుకుంటుంది, చాలక ఇంకా కావాలంటుంది, ఇవ్వడానికి లేనప్పుడు కర్నెల్, యంత్రం మొత్తం మీద పెత్తనం చేసేది, చుట్టూ చూసి అందరికంటే ఎక్కువ తింటున్నది ఎవరా అని ఎంచి దాని పీక నొక్కేస్తుంది. తెర మీద ఒకే మాట పడుతుంది. కిల్డ్. మళ్ళీ లేపింది. కిల్డ్. మ్యాపు బొమ్మ కూడా వద్దు, పడవ పేరూ అది ఉన్న చోటు అంకెలూ వరసగా పడితే చాలునని, అక్కర్లేనివన్నీ ఆపేసి, ఈ నల్ల తెరకు దిగి మళ్ళీ లేపింది. ఒక్క పడవ పేరైనా తేలకముందే కిల్డ్. ఎంత మర్యాదగా చెబుతుందో! చోటు లేదు, అందుకని చంపేశాను. అంతే, ఇందులో కోపం తెచ్చుకోవడానికి ఏముంది అన్నట్టు.

చోటు లేదు. ఈ మాట ఎక్కడ మొదలైంది తనకు? నెల్లూరులో ఇల్లు వెతుక్కునే రోజుల్లో, గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూ ఉండగానే, ఆ ఇంటావిడ పేరు అడిగి, అబిగయీలు అని విని, నవ్వు చెరగనీయకుండానే, "మా చుట్టాలు దిగుతున్నారమ్మా, ఖాళీ లేదు" అంది. బోర్డు మాత్రం మర్నాడు కూడా అలాగే ఊగుతూ ఉంది, చూడటానికే పనిగట్టుకుని అటు నడిచింది తను. అంతకు ముందు, తడ దగ్గర ఉద్యోగంలో చేరిన కొత్తలో, కంపెనీ బస్సులో కిటికీ పక్క సీట్లన్నీ ఎవరివో ఒకరివి, ఎప్పుడో పంచేసుకున్నవి. ఇంకా ముందు, గూడూరు నిమ్మకాయల మార్కెట్టు. అమ్మ రెబెక్కమ్మ అక్కడ కాయలు ఏరేది, పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, మచ్చపడ్డవి వెనక్కి, వేళ్ళు చూపు కంటే ముందు నడిచేవి. బడి లేని రోజుల్లో తను గోతాల మీద కూర్చునేది. ఒళ్ళంతా నిమ్మ వాసన, చేతి మీద గీతలు పడ్డ చోటల్లా చురుకు. ఒకనాడు ఉన్నట్టుండి వాన దిగింది. రేకుల షెడ్డు చిన్నది. గుమాస్తా గోతాలన్నీ లోపలికి లాగించి, "కాయలకే చోటు చాల్లేదు, ఆడోళ్ళు ఆ పక్కకు పోండి" అన్నాడు. ఆ పక్క అంటే వాన. అందరూ కొంగులు నెత్తిన వేసుకుని కదిలారు. అమ్మ కదల్లేదు. కాయల గుట్ట పక్కన కాళ్ళు బారజాపుకుని కూర్చుని, "కాయ తడిస్తే కుళ్ళిపోతాదా? మేం తడిస్తే కుళ్ళమా? నేను జరగను పో" అంది. అరవలేదు కూడా. బియ్యంలో రాయి ఉందని చెప్పినంత మామూలుగా చెప్పింది. గుమాస్తా ఏదో అనబోయి, మిగతా ఆడవాళ్ళు కూడా ఒక్కొక్కరే వెనక్కి వచ్చి కూర్చుంటుంటే, తనే గుమ్మంలోకి జరిగి నిలబడ్డాడు, సగం చొక్కా తడుస్తుండగా. ఆ రోజు అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని రేకుల మీద వాన విన్నది. ఇప్పుడు వింటున్నది కూడా అదే వాన కావచ్చు. వానలకు ఏమన్నా పేర్లుంటాయా.

డిస్కు గరగర ఒక్క క్షణం ఆగింది.  మళ్ళీ మొదలైంది. రా, నడువు, ముసలిదానా, ఇవాళ చావడానికి నీకు సెలవు లేదు. స్వాప్ పెద్ద మంత్రమేమీ కాదు. మెమరీలో చోటు చాలనప్పుడు ఇప్పటికిప్పుడు అక్కర్లేని సరుకును డిస్కులో ఒక మూలకు దించి, కావాల్సినప్పుడు మళ్ళీ ఎత్తుకోవడం. డిస్కు నిదానం, కాబట్టి యంత్రం కుంటుతుంది. కుంటనీ. చావకుండా కుంటితే చాలు. ఈ సర్వరు పెట్టినవాళ్ళు స్వాప్ ఉంచలేదు. డిస్కు అరుగుతుంది, వేగం తగ్గుతుంది, పెట్టరాదని నియమం. ఒక్క దెబ్బలో చోటు కేటాయించే కమాండు ఇందాక ఇచ్చి చూసింది. ఫైలు తయారైంది గానీ స్వాప్‌గా తీసుకోనంది యంత్రం. ఈ డిస్కు మీద అలా చేసిన ఫైలులో మధ్య మధ్య బొక్కలుంటాయట, బొక్కలున్న చోట సరుకు దించదట. అందుకని ఈ పాత పద్ధతి. మొదటి నుంచి చివరి దాకా ప్రతి గడిలో సున్నా రాయడం.

"అక్కా," అంది చెంచులక్ష్మి, కొంగు నోట్లోంచి తీసి, "ఊరికే సున్నాలు ఎందుకు రాస్తుండాది అది? ఏదన్నా పనికొచ్చేది రాయొచ్చు గదా?"

"ఏం రాసినా ఒకటే చెంచులక్ష్మీ. చోటు పట్టుకోనికే."

"బస్సులో తువ్వాల ఏసినట్టా?"

"అట్టానే. మన తువ్వాలే."

ఇద్దరికీ నవ్వొచ్చింది, రాకూడని వేళ వచ్చిన నవ్వు, చెంచులక్ష్మి నవ్వు మధ్యలోనే దగ్గయి కళ్ళలోంచి కారింది. గిరిబాబు ఇక్కడుంటే ఈ మాట పట్టుకుని వారం రోజులు ఊరంతా తిప్పేవాడు. టవరక్కా అంటాడు తనని. అబిగయీలు అనే పేరు నాలుక మడత పడుతుందని చెప్పి, యాంటెన్నా నిలబెట్టిన రోజున పెట్టిన పేరు అది. స్తంభం ఎక్కి తాళ్ళు ముడేసింది అతనే. "టవరక్కా, నీ సబ్బుపెట్టె నన్ను కనిపెట్టలేకపోయినాదనుకో, నీకు రొయ్యల కూర బందు" అని పైనుంచి అరిచాడు. కింద ఆడవాళ్ళంతా నవ్వారు. వేరే కులపు పిల్ల, చర్చికి పోయే పిల్ల, ఒంటరిగా వచ్చి షెల్టరు గదిలో ఉంటుందట అని మొదట్లో తలుపు చాటునుంచి చూసిన ఆడవాళ్ళే. ఆ సాయంత్రమే చెంచులక్ష్మి గిన్నె పట్టుకొచ్చింది. ఆ కూరలో కారం. అబ్బా, ఆ కారం. ఇప్పుడు నోట్లో ఏదీ లేదు, ఉప్పు తప్ప; గాలి గది లోపలికి కూడా ఉప్పు మోసుకొస్తోంది, కీబోర్డు మీద వేలు పెడితే జిగటగా తగులుతోంది.

కిషోర్ బాబు ఏమంటాడు ఇది చూస్తే? ఆయన నెల్లూరు ఆఫీసులో ఉన్నాడు, పడవలకు ఈ పరికరాలు పెట్టే పథకం నడిపే కంపెనీకి ఇక్కడి బాధ్యుడు, తనకు పై అధికారి. చెడ్డవాడేం కాదు. తన ఉద్యోగానికి మాట సాయం చేసింది ఆయనే. ఇందాక ఫోను చేసినప్పుడు కూడా అరవలేదు. సిస్టం ఆపేయమన్నాడు. డిస్కు ఊడదీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టమన్నాడు, రోడ్డు మునగకముందే బండి వచ్చి తీసుకుపోతుందన్నాడు.

"పడవలు ఇంకా బయటే ఉన్నాయి సార్."

"నేను కాదనట్లేదు అబిగయీలు గారూ. కోస్ట్ గార్డుకి చెప్పాం, వాళ్ళు చూసుకుంటారు. ఆ సిస్టం నిలబడట్లేదని మీరే అంటున్నారు. అది పాత చోటు చూపించి, దాన్ని నమ్ముకుని ఇంకో పడవ వెళ్ళి మునిగిపోతే? ఎవరు జవాబు చెప్తారు, మీరా నేనా?"

ఆ మాటలో నిజం ఉంది. అదే మండిపోయింది తనకు, నిజం ఉండటం. "స్వాప్ పెడితే నిలబడుతుంది సార్."

"డిస్కు ఫుల్ కదా. చోటెక్కడిది?"

"పాత జాడల ఫైలు తీసేస్తే వస్తుంది."

అప్పుడు మారింది గొంతు. "దాన్ని ముట్టుకోకండి. అది కంపెనీ ఆస్తి. వినబడుతోందా? డిస్కు జాగ్రత్త చేయమంటున్నది దాని కోసమే."

వినబడింది. అంత గాలిలోనూ ఒక్కో అక్షరం వినబడింది. డిస్కు దాని కోసమే. ఏ పడవ ఏ రోజు ఎక్కడ వల వేసింది, ఎంతసేపు నిలిచింది, ఎటు తిరిగింది, సీజన్ల తరబడి పోగేసిన జాడలు. ఆ మధ్య నెల్లూరులో ఒక హోటలు హాల్లో పెద్ద మరపడవల ఆసాములను కూర్చోబెట్టి వాటినే గోడ మీద వేసి చూపించారు. చేప ఎక్కువ పడే తావుల్లో ఎర్రటి మచ్చలు. తను వెనక వరసలో ప్రొజెక్టరు వైరు పట్టుకుని నిలబడి ఉంది. ఆ మచ్చలన్నీ మొగపాళెం వాళ్ళ తాతల నాటి తావులు. పడవకు పెట్టె బిగించేటప్పుడు ప్రాణానికి కాపలా అని చెప్పింది తను. తావుల సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, తనకూ చెప్పలేదు. ఆ రోజు వైరు పట్టుకుని నిలబడింది, అంతే. ఇవాళ నిలబడదల్చుకోలేదు. "నేను ఆపను సార్" అని ఫోను పెట్టేసింది.  

కానీ ఆ పాత జాడల్లో ఉన్నవి ఎర్ర మచ్చలు మాత్రమే కాదు. అది తలుచుకోకూడదనుకుంటూనే ఇంతసేపూ దాని చుట్టూ తిరిగింది బుర్ర, మానిన పుండు చుట్టూ వేలు తిరిగినట్టు. పెంచలకృష్ణ గీత కూడా అందులోనే ఉంది. ఉండేది. చిన్నపోలయ్య పెద్దకొడుకు, గిరిబాబుకు అన్న. పోయిన ఏడు ఎండల్లో, ఏ తుఫానూ లేని రోజున, వల లాగుతూ ఒరిగి నీళ్ళలో పడ్డాడు, మరి దొరకలేదు. ఆ రోజు అతని పడవ నడిచిన దారి ఈ యంత్రంలో మిగిలింది. ఒడ్డు నుంచి సూటిగా పోయి, కొంచెం వంకర తిరిగి, ఒకచోట గుండ్రంగా తిరిగి తిరిగి తిరిగి, ఆగిపోయిన గీత. గుండ్రంగా తిరిగింది తోడు పోయినవాళ్ళు వెతికిన వెతుకులాట. అప్పుడప్పుడూ చిన్నపోలయ్య మెట్లెక్కి వచ్చేవాడు. చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు వచ్చి, "పెద్దోడి గీత ఒకసారి చూపించమ్మా" అనేవాడు. చూపించేది. ఆయన చూసి, తెర మీద వేలు ఆనించకుండా గాలిలోనే ఆ దారి వెంట వేలు నడిపి, వెళ్ళిపోయేవాడు. ఒక్క ఫొటో అయినా తీసి ఉంచలేదే ఫోనులో! ఎప్పుడూ ఉంటుందనుకుంది. కంపెనీ వాళ్ళు అన్ని జాడలనూ కలిపి ఒకే ముద్దగా బిగించి కట్టారు. అందులోంచి ఒక గీతను తీయాలంటే ముద్దంతా విప్పాలి, విప్పాలంటే ఇప్పుడున్నంత చోటు ఇంకా కావాలి. చోటే లేదు కదా. పెన్‌డ్రైవులో పట్టేది కాదు, నెట్టు మీద పంపాలంటే నెట్టు లేదు.

అడగకుండా చేయొచ్చు. చేసేసి తర్వాత చెప్పొచ్చు. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ తావులను అడక్కుండా తీసుకున్నవాళ్ళకూ తనకూ అప్పుడు తేడా ఏముంటుంది? అందుకే, సున్నాలు మొదలెట్టక ముందే, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, చోటు కావాలంటే పాత జాడలు తీసెయ్యాల. అన్నీ ఒకటే ముద్ద. పెంచలకృష్ణన్నది కూడా అందులోనే ఉండాది."

చిన్నపోలయ్య వైర్‌లెస్ చెవి మీదనుంచి దించాడు.  గాలికి నైలాను తాడు మూలిగింది.

"తీసేస్తే మళ్ళా రాదా?"

"రాదు పెద్దయ్యా."

"సముద్రంలో గీత నిలబడతాదా ఏందమ్మా," అన్నాడు చివరికి. "తీసెయ్. చిన్నోణ్ణి చూపించు." అని మళ్ళీ కిటికీ వైపు తిరిగిపోయాడు. వెనకనుంచి మెడ నరాలు మాత్రం కనిపిస్తున్నాయి.

"మామా," అంది చెంచులక్ష్మి నేల మీదనుంచి, మెల్లగా, "అత్తకు మాత్రం చెప్పొద్దు."

తీసేసింది. ఒక చిన్న కమాండు, ఒక ఎంటరు. నిజంగానా అని అడగను కూడా అడగలేదు యంత్రం. ఎర్ర మచ్చలూ పోయాయి, ఆగిపోయిన గీతా పోయింది. వాటి చోటులోనే ఇప్పుడు సున్నాలు పడుతున్నాయి. ఈ డిస్కు మధ్యలో విరిగితే? ఈ పెట్టెను నడిపే మేడ మీది బ్యాటరీలు ఆరిపోతే? అప్పుడు చనిపోయినవాణ్ణి తుడిపేసి బతికినవాణ్ణి పోగొట్టిన మనిషిని అవుతాను. ఆ తండ్రి ముఖం ఎలా చూస్తాను? అమ్మ అయితే ఈపాటికి మోకాళ్ళ మీద ఉండేది. తనకు మోకాళ్ళు వంగటం లేదు. ప్రభువా, నేను బతిమాలను, బతిమాలితే వినేవాడివైతే పోయిన ఏడే వినేవాడివి, ఈ ఊరు ఊరంతా ఇసకలో పడి ఏడ్చింది. ఒకణ్ణి ఉంచుకున్నావు, సరే, రెండోవాణ్ణి నీకు ఇవ్వం, నేనూ ఈ పాత పెట్టే కలిసి లాక్కుంటాం, కోపమొస్తే నా మీద చూపించు, కానీ డిస్కు మీద చూపించకు. అలా అన్నాక భయమేసింది. భయమేసినా మాట వెనక్కి తీసుకోలేదు.

గరగర ఆగింది. తెర మీద ఒక వరస పడింది, ఇంత రాశాను, ఇంత సేపు పట్టింది అని. అంకెలు చదవలేదు తను. సున్నాలు నిండాయి.

వేళ్ళు వాటంతటవే నడిచాయి. మొదట తాళం: మెమరీలోని సరుకంతా ఈ ఫైలులోకి దిగుతుంది కాబట్టి రూట్, యంత్రం మీద పూర్తి హక్కులున్న ఖాతా, తప్ప ఇంకెవరూ దీన్ని చదవకుండా, రాయకుండా. తర్వాత ముద్ర: ఇది మామూలు ఫైలు కాదు, స్వాప్ అని. ఆ తర్వాత ఆన్. యంత్రం ఏమీ అనలేదు. ఈ యంత్రాలు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టు. మెమరీ లెక్క చూపించమంది. ఇంతకాలం ఖాళీగా సున్నాలు చూపించిన స్వాప్ వరసలో ఇప్పుడు చోటు కనిపించింది. అప్పుడు ప్రోగ్రామును లేపింది.

మెమరీ నిండుతోంది. ఇంకా నిండుతోంది. ఇక్కడే, ఇంతకు ముందు సరిగ్గా ఇక్కడే పీక నొక్కింది. చెంచులక్ష్మి ఎప్పుడు లేచి వచ్చిందో, భుజం మీద చెయ్యి పడింది. నిండిపోయింది. స్వాప్ వరసలో వాడకం సున్నా కదిలింది, పెరిగింది, డిస్కు ఒక్కసారిగా ఇటుకల బట్టీలా హోరెత్తింది, తెర బిగుసుకుపోయింది, కర్సరు కూడా కొట్టుకోవడం మానేసింది. చావలేదు, కుంటుతోంది, కుంటుతోంది అని తనే పైకి అంటోంది. ఆ మాట పదిసార్లు అందో ఇరవైసార్లు అందో. అప్పుడు, బావిలోంచి బొక్కెన పైకొచ్చినట్టు, ఒక వరస తేలింది. పడవ పేరు, అంకెలు. ఇంకొకటి. అవి తిరిగొస్తున్న పడవలవి. ఇంకొకటి. ఆ తర్వాత, ఇంగ్లీషు అక్షరాల్లో, 'చెంచులక్ష్మి'. గిరిబాబు తన పడవకు పెట్టుకున్న పేరు.

"నా పేరే గదక్కా అది?" అంది పక్కన చెంచులక్ష్మి. చదవడం అంతగా రాదు గానీ ఆ అక్షరాల ఆకారం పడవ మీద చూసి చూసి ఉంది.

"ఉండు." కిషోర్ బాబు మాట చెవిలో ఉంది. పాత చోటైతే? గంట కిందటి పిలుపు ఇప్పుడు తేలి ఉంటే? వరస చివర పిలుపు వచ్చిన వేళ ఉంటుంది, అది చూసింది, ఇప్పటిదే. అయినా ఆగింది. ఆగడం ఎంత కష్టం! ఆ రెండో వరస వచ్చేలోపు ఎన్ని అలలు విరిగాయో. వచ్చింది. దక్షిణానికి జరిగింది పడవ, కొంచెం ఒడ్డు వైపుకి. అంటే తేలుతోంది, శ్రీహరికోట దిక్కుగా నీరు లాక్కుపోతోంది, ఇసక మేటల మీద అలలు విరిగే చోటికి ఇంకా చేరలేదు. అప్పుడు గొంతెత్తి అంకెలు చదివింది. చిన్నపోలయ్య వాటిని ఒక్కొక్కటే వైర్‌లెస్‌లోకి కేకేశాడు. ఆ దగ్గరలో తిరిగొస్తున్నది అతని తమ్ముడు వరసైన చెంచురామయ్య పడవ. దాని జీపీఎస్‌లో ఆ అంకెలు వేసుకుని తల తిప్పానన్నాడు. కొత్త వరస తేలినప్పుడల్లా తను చదవడం, ముసలాయన అరవడం. కోస్ట్ గార్డు నంబరుకు కూడా అవే అంకెలు చెప్పింది, లైను తెగుతూ ఉంటే మళ్ళీ మళ్ళీ చేసి. మధ్యలో ఒకసారి తెర మళ్ళీ బిగుసుకుంది.  కుంటి కుంటి లేచింది.

వైర్‌లెస్ గరగరలాడింది. "కనపడినాడు! అన్నా, కనపడినాడు! పడవ తిరగబళ్ళా, నిలబడే ఉండాది... ముగ్గురూ ఉండారు... గిరిగాడు చెయ్యి ఊపతా ఉండాడు... తాడు ఏస్తుండాం..."

చిన్నపోలయ్య సెట్టును రెండు చేతులతో పట్టుకుని కిటికీ కిందకు జారి కూర్చున్నాడు. కోడలు పరిగెత్తుకెళ్ళి ఆయన భుజం పట్టుకుంది. ఆయన ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "పట్టుకోండిరా, వదలొద్దండిరా" అని మాత్రం అంటూనే ఉన్నాడు, తాడు తన చేతుల్లోనే ఉన్నట్టు.

ఫోను మోగింది. కిషోర్ బాబు.

"కోస్ట్ గార్డుకి మీ అంకెలు వెళ్ళాయట. ఏం చేశారు మీరు?"

"స్వాప్ పెట్టాను సార్. గిరిబాబు పడవ దొరికింది. ముగ్గురూ బతికే ఉన్నారు."

అవతల నిజంగా ఊపిరి పీల్చుకున్నట్టే వినబడింది. "మంచిది. చాలా మంచిది. దేని చోటులో పెట్టారు?"

"పాత జాడల చోటులో."

"అబిగయీలు గారూ, దానికి కేసు పెడతారు, తెలుసా మీకు? నేనేం చేయలేను. రేపటినుంచి మీరు లేరు."

"సరే సార్. ఇవాళ ఉన్నాను."

"బండి దగ్గర్లో ఉంది. డిస్కు వాళ్ళకు ఇచ్చేయండి."

"గాలి ఎక్కువగా ఉంది సార్, డ్రైవరును వచ్చి షెల్టరులో కూర్చోమనండి. బయట ఇంకా పడవలున్నాయి. ఆఖరి పడవ ఒడ్డెక్కేదాకా నేను ప్లగ్గు తీయను, తీయనివ్వను. తర్వాత ఏం తుడిచానో, ఎందుకు తుడిచానో నేనే రాసిస్తాను, నా పేరు పెట్టి. ఆ జాడలు హోటలు హాల్లో ఎవరికి చూపించారో కూడా ఈ ఊరికి చెప్తాను."

జవాబు వినకుండానే ఫోను బోర్లించింది.  కిటికీ కింద మామా కోడళ్ళు వైర్‌లెస్ మీదికి వంగి ఉన్నారు, తాడు బిగిసిందట, లాగుతున్నారట. తెర మీద వరసలు నిదానంగా పడుతున్నాయి. ఒక పని మిగిలింది. ఇప్పుడు పెట్టిన స్వాప్ యంత్రం ఆగేదాకానే. ఒకసారి ఆగి లేస్తే దానికి ఇదేమీ గుర్తుండదు, మళ్ళీ చోటు లేదనే అంటుంది, మళ్ళీ ఎవరి పీకో నొక్కుతుంది. లేచినప్పుడల్లా ఏయే చోట్లు కలుపుకోవాలో యంత్రం చదివి తెలుసుకునే ఫైలు ఒకటుంది. దాన్ని తెరిచి, అడుగున, స్వాప్ ఫైలు పేరు మొదలుకుని ఒకే ఒక్క వరస రాసింది. డిస్కు పట్టుకుపోయి ఇది కూడా తుడిచేస్తారేమో. తుడవనీ. రేపు ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు, వాళ్ళకు స్వాప్ అంటే తెలుస్తుందో లేదో తెలియదు. వద్దనుకుంటే వాళ్ళ చేత్తో వాళ్ళే తీసేసుకోవాలి. తను మాత్రం ఉంచే పోతుంది. వరసను ఒకసారి అక్షరం అక్షరం సరిచూసుకుని, సేవ్ చేసి, తర్వాతి పడవ పేరు గట్టిగా చదివింది.